కొమ్మ కింద పొయ్యి

మైసమ్మ తల్లి మీద ఒట్టు, అరిగిపోయిన నా కుడి భుజం మీద ఒట్టు, ఇక్కడ రాసిన ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారు. నవ్వనివ్వండి. వాళ్లు ఇన్నాళ్లూ నా కబుర్లు విన్నారు గానీ నా రాత చదవలేదు. కబుర్లు టీ కొట్టు దగ్గర చెప్పేవి. ఇది కాగితం మీద పెడుతున్నాను, అదీ ఒట్టేసి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా, ఆ మధ్యలో కొత్తపేట కాలనీలు, సరూర్‌నగర్ గల్లీలు, వీటిలో ఇళ్ల ముందరి చెట్లు రోడ్డు మీదికి, ఫుట్‌పాత్ మీదికి ఒరిగితే ఆ కొమ్మలు కొట్టించి దారి తెరిపించడం నా ఉద్యోగం. కాగితాల్లో నా పదవికి పొడుగాటి పేరు ఉండేది. జనం మాత్రం "చెట్లు కొట్టేటోళ్లొచ్చిన్రు" అనేవారు. భుజం ఇక రంపం లాగనని మొండికేసేసరికి, వయసు రాకముందే విరమణ తీసుకొని ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు ఆ పనిలోకి కొత్త పిల్లలు వస్తున్నారు. చదువుకున్నవాళ్లు. చెట్టును చూస్తే లాటిన్ పేరు చెబుతారు. సంతోషమే. ప్రమోషన్ల గురించీ ఫైళ్ల గురించీ వాళ్లకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది వేరు.

మన పని చెట్టుతో కాదు

కొమ్మ కొట్టడంలో పెద్ద విద్యేమీ లేదు. ముందు కింది నుంచి ఒక గాటు పెట్టాలి. ఆ తర్వాత దానికి కాస్త అవతలగా పై నుంచి కోయాలి. తొందరపడి పై నుంచే కోశారా, సగం తెగిన కొమ్మ విరిగి వేలాడుతుంది, దాంతోపాటు మాను మీది బెరడు తోలు ఒలిచినట్టు కింది దాకా ఊడి వస్తుంది. బరువు కొమ్మ అయితే పై పంగలోంచి మోకు, అంటే లావుపాటి తాడు వేసి, మాను మొదట్లో చుట్లు తిప్పి పట్టుకొని, కొంచెం కొంచెంగా వదలాలి. అన్నిటికన్నా ముఖ్యం, రెండు పక్కలా సమంగా తగ్గించాలి. కరెంటు తీగల కోసం ఒక పక్కే నున్నగా గుండు కొట్టి పోయేవాళ్లుంటారు. వాళ్ల తీగ బాగానే ఉంటుంది. చెట్టు బరువంతా రెండో పక్కకి, అంటే నడిచేవాళ్ల నెత్తి మీదికి మళ్లుతుంది.

ఇదంతా ఒక వర్షాకాలం పనిచేస్తే వచ్చేస్తుంది. రానిది మనుషుల సంగతి. చెట్టు ఎవరిదైనా, దానికి నీళ్లు పోసినాయన ఒకడుంటాడు. కొమ్మ తన కారు మీదికి వంగితే "ఎన్నిసార్లు ఫోన్ చెయ్యాలయ్యా మీకు?" అంటాడు. అదే కొమ్మ పక్కింటివాళ్ల దారికి అడ్డం వస్తే "నా చెట్టు మీద చెయ్యి పడిందా, చూడు మరి" అంటాడు. ఈ రెండు మాటల మధ్య నిలబడి రంపం ఆడించడమే మన ఉద్యోగం.

మా అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ సారు, దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఏ గొడవ చెప్పబోయినా చేయెత్తి ఆపేవాడు. "నర్సింహా, నాకు చెప్పకు. నువ్వు చెప్పలే, నేను వినలే." మనిషి చెడ్డవాడు కాదు, ఎవరి కడుపూ కొట్టలేదు. కానీ ఆయన దగ్గర నేను నేర్చుకున్నది రాసి పెట్టుకోండి. పై అధికారి "నాకు చెప్పకు" అంటే అది అనుమతి కాదు, వద్దనడమూ కాదు. తప్పు జరిగితే మీది, జరగకపోతే మంచిపేరు ఆయనది.

నాలుగో పనిముట్టు

రంపం, గొడ్డలి, మోకు. వీటి తర్వాత నా నాలుగో పనిముట్టు అబద్ధం.

కోచింగ్ సెంటర్ల గల్లీలో ఒక నిద్రగన్నేరు చెట్టుండేది. దాని కొమ్మలు మేడ మీది క్లాసు కిటికీలోకి దూరాయి, కింద ఫుట్‌పాత్ మీద మనిషి వంగి నడవాల్సి వచ్చేది. సెంటర్ యజమాని నీడ పోతుందని ఒప్పుకోడు. "సార్, మీ చెట్టు మీది చిలుకలు ఎంసెట్‌కు తయారైనయి" అన్నాను. "ఒకటి ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఇంకోటి జవాబు చెప్తున్నది. ఎదురు సెంటరోళ్లు వల పట్టుకొని తిరుగుతున్నరు, జర చూస్కోండ్రి." ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వుతున్న మనిషి వద్దనలేడు. మేం కొట్టేశాం. చిలుకలు అరవడం మాత్రం నేను చెవులారా విన్నదే. ర్యాంకు ఎంత వచ్చిందో తెలియదు.

సరూర్‌నగర్ చెరువు వైపు ఒక గల్లీలో కొమ్మలు ఎంత కిందికి కమ్ముకున్నాయంటే, ఒక ఆటో వాటిలో ఇరుక్కుని, గాలికి కొమ్మలు లేచినప్పుడు తానూ లేచి, ప్రయాణికుల్ని మేడ మీది బాల్కనీలో దింపింది. పై అంతస్తుకు కిరాయి ఎక్కువైతదని ఆటోవాడు గొడవ. ఇదీ నిజమే, ఒట్టు ముందే వేశాను.

రామ్మోహన్ రావు గారితో మాత్రం నా అబద్ధం ఎదురు తిరిగింది. ఆయనది గుంటూరు వైపు. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పి, కొత్తపేటలో హైవేకి కాలనీ రోడ్డు కలిసే మూల మీద ఇల్లు కట్టుకున్నారు. ప్రహరీ లోపల గుల్‌మొహర్ నాటారు. అది గోడ దాటి రోడ్డంతా ఎర్రగా పరుచుకుంది. ఒక ఏడాది చిన్న కొమ్మ కూడా ముట్టుకోనివ్వకపోతే, "సార్, చెట్టు మీద కట్లపాము గూడు పెట్టింది" అన్నాను. ఆయన భార్య విజయలక్ష్మి గారు లోపలి నుంచి, "పాము గూడు పెడుతుందా అండీ?" అని అడిగారు. అడిగేలోపు కొమ్మ కింద పడింది. ఆ తర్వాత నేను ఎప్పుడు ఎదురైనా మాస్టారు స్కూటర్ ఆపి మరీ పలకరించేవారు. "ఏమయ్యా సూపర్‌వైజరూ, పాము పిల్లలు బాగున్నాయా?"

అప్పుడు నవ్వుకున్నాను. గొడ్డలి మొద్దుబారితే సాన పట్టొచ్చు. ఈ నాలుగో పనిముట్టు మొద్దుబారితే సాన పట్టే రాయి లేదని అప్పటికి నాకు తెలియదు.

ఎర్ర గుర్తు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో, ఒకరోజు రోడ్డు మీదే వండుకొని తినే వంటా వార్పు. మా ప్రాంతం మీకు తెలిసిందే. ఒక ఇల్లు నల్లగొండ వాళ్లది, పక్కిల్లు గుంటూరు వాళ్లది, గోడ మాత్రం ఇద్దరిదీ. పొద్దున్నే పాల ప్యాకెట్ దగ్గర పలకరించుకున్నవాళ్లే సాయంత్రం టీవీ చూశాక తలుపులు వేసుకునేవారు. కొట్లాటలు జరిగేవి కావు, కానీ ప్రతి చిన్న చప్పుడుకీ చెవులు నిక్కేవి. ఎవరో ఏదో అన్నారట, ఎక్కడో ఏదో జరిగిందట. ఆ "అట"లే మనుషుల్ని తినేవి.

మాకొక పద్ధతి ఉండేది. మరునాడు కొట్టాల్సిన చెట్లకు ముందురోజే నేను గల్లీలన్నీ తిరిగి ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు పెట్టేవాణ్ని. చెట్టు బయట ఉంటే మాను మీద. చెట్టు ప్రహరీ లోపలుంటే గేటు స్తంభం మీద. ఎందుకు పెట్టామో ఎవరికీ చెప్పేవాళ్లం కాదు. చెబితే అక్కడికక్కడే వాదన మొదలవుతుంది, చెప్పకపోతే మరునాటికి వాయిదా పడుతుంది. ఎన్నో ఏళ్లు అట్లాగే నడిచింది, ఎవరూ అడగలేదు. అందువల్ల ఆ వేసవి మధ్యాహ్నం కూడా రంగు డబ్బా పట్టుకొని కాలనీ అంతా తిరిగాను. పొడుగాటి చెట్లు, రోడ్డు మీదికి విరగబడి పెరిగినవి, ఎక్కువగా పాత కాపురాల ఇళ్ల ముందున్నాయి. వాటిలో చాలావరకు కోస్తా నుంచి వచ్చినవాళ్లవి. ఆ సంగతి నా బుర్రకు తట్టనే లేదు. నేను చెట్లను చూశాను, గేట్లను చూడలేదు.

ఆ సాయంత్రం గాలిదుమారం వచ్చింది. నాలుగు చినుకులు పడి ఆగిపోయింది. మరునాడు బంద్ అని రాత్రికి గానీ తెలియలేదు.

బంద్ రోజు

బంద్ కదా, మా బండి కదలదు. నేను నడుచుకుంటూ అటు వెళ్లాను. మూల మీద గుల్‌మొహర్ చూడగానే కాళ్లు ఆగిపోయాయి. రోడ్డు మీదికి వచ్చిన ఆ పెద్ద కొమ్మ నిన్న టీవీ కేబుల్‌కి జానెడు పైన ఉండేది. ఇవాళ కేబుల్ మీద పడుకొని ఉంది. మాను దగ్గర పంగలో తడి చీలిక. కొమ్మ దిగింది.

దాని కిందే, చక్కటి నీడలో, ఆడవాళ్లు మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగిస్తున్నారు. పెద్ద డేగ్చాలో ఎసరు. చుట్టూ కూరగాయలు తరిగేవాళ్లు, చంకన పిల్లలున్నవాళ్లు, జెండాలు పట్టుకున్న పోరగాళ్లు. జై తెలంగాణ అంటూ రోడ్డంతా మార్మోగుతోంది.

ఏఈ సారుకు ఫోన్ చేసి, కొమ్మ ఇప్పుడే కొట్టాలని చెప్పాను.

"బంద్ రోజు గొడ్డళ్లు పట్టుకొని రోడ్డు మీదికి పోతవా? లోపలేస్తరు నిన్ను. నాకు చెప్పకు."

"చెప్పేసిన గద సార్."

"నేను వినలే." ఫోన్ పెట్టేశాడు.

మా సాయిలుకు కబురు పెట్టాను. సాయిలు తాటిచెట్లెక్కి కల్లు గీసే ఇంటి మనిషి, మోకు మీద పుట్టినట్టే ఉంటాడు. ఇంకో ఇద్దరిని తీసుకొని, గొడ్డళ్లు, రంపాలు గోనె సంచుల్లో చుట్టి, గల్లీల్లోంచి వచ్చాడు. కొమ్మ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఇది ఆగేది కాదు. వీళ్లను లేపు ముందు."

పొయ్యి దగ్గర పెత్తనం యాదమ్మది. కాలనీలో బత్తాయిల బండి నడిపే మనిషి, ఊరు నల్లగొండ దిక్కు. ఆ రోజుల్లో ఆ గల్లీ ఆడవాళ్లంతా ఆమె మాట మీద ఉండేవారు.

"యాదక్కా, పొయ్యి జర అటు జరుపుండ్రి. కొమ్మ పగిలింది, మీద పడ్తది."

ఆమె తల కూడా ఎత్తలేదు. "ఎవ్వలు పంపిన్రు నిన్ను? ఎస్సై సారా?"

"ఎవ్వలు పంపలే. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకేస్తవ్? నీ మీద ఏస్కో. పోయిన బోనాలప్పుడు ఏం జెప్పినవ్? మా గల్లీ చెట్టు మీద దయ్యం ఉంది, పొద్దుగూకితే పేకాట ఆడ్తదని జెప్పలే?"

చుట్టూ ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"గది వేరక్కా. గిది నిజం."

"గప్పుడు గూడ గిట్లనే మొకం పెట్టి జెప్పినవ్. పో నర్సన్నా, అన్నం ఉడికినంక రా, ఒక ముద్ద పెడ్తం."

కొమ్మ కిర్రుమంది. నినాదాల్లో ఎవరికీ వినపడలేదు. నాకూ సాయిలుకూ మాత్రం వినిపించింది. కొమ్మను మోకు మీద దింపాలంటే మాను మొదలు కావాలి, మాను ప్రహరీ లోపల ఉంది. గోడ దూకుదామంటే, బంద్ రోజు గొడ్డళ్లతో గుంటూరు వాళ్ల గోడ దూకిన మనిషికి ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. గేటు దగ్గరికి వెళ్లాం.

గేటు

రామ్మోహన్ రావు గారు వరండా గ్రిల్ వెనక నిలబడి ఉన్నారు. రాత్రి నిద్రపోయిన మొహం కాదు.

"సార్, గేటు తియ్యుండ్రి. కొమ్మ కొయ్యాలె."

"ఏ కొమ్మయ్యా? బంద్ రోజున ఏ ఆఫీసు తెరిచారని వచ్చావ్? ఆ గోనె సంచుల్లో ఏంటి?"

"గొడ్డళ్లు సార్."

నిజం చెప్పాను. నిజం ఏ వేళకు చెప్పాలో తెలియకపోవడం కూడా మన ఉద్యోగంలో పెద్ద తప్పే. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. విజయలక్ష్మి గారు ముందుకొచ్చారు.

"నేను చెప్పలేదూ, గుర్తు పెట్టి వెళ్లింది ఊరికే కాదని?"

"ఏ గుర్తమ్మా?"

ఆమె గేటు స్తంభం వైపు చెయ్యి చూపించారు. నా ఎర్ర ఇంటూ గుర్తు. దాన్ని చెరపాలని ఎవరో కిరోసిన్‌తో రుద్దారు. చెరగలేదు సరికదా, స్తంభమంతా ఎర్రగా పాకి ఇంకా భయంకరంగా తయారైంది.

"ఈ వరసలో అన్నీ మావాళ్ల ఇళ్ల మీదే ఉన్నాయి. రాత్రంతా ఇద్దరం కూర్చునే ఉన్నాం. పిల్లల్ని మా తమ్ముడింటికి పంపించేశాం. పొద్దున్నుంచి గుమ్మం ముందు ఈ అరుపులు. ఇప్పుడు మీరు గొడ్డళ్లతో వచ్చారు."

ఎన్నేళ్ల నుంచో పెడుతున్న గుర్తు. అది అవతలి మనిషికి ఏమని కనిపిస్తుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"అమ్మా, గది నేను పెట్టిందే" అన్నాను.

"విన్నావా?" మాస్టారు భార్య వైపు తిరిగారు. "ఈయనే పెట్టాడట!"

"కొమ్మ కొట్టనీకి సార్! మున్సిపాలిటీ గుర్తు అది. నిజంగ."

"పాము గూడు లాంటి నిజమా?"

నా వెనక కింద పొయ్యి మండుతోంది, పైన కొమ్మ కేబుల్‌ను నొక్కుతోంది. విజయలక్ష్మి గారు కాసేపు నా మొహంలోకే చూశారు.

"ముందు ఆ గొడ్డళ్లు లోపలికి ఇవ్వండి. కత్తి, రంపం, ఒక్కటి కూడా బయట ఉండకూడదు. అప్పుడు మాట్లాడదాం."

న్యాయమైన మాటే. సాయిలు సంచి విప్పి గేటు కమ్మీల సందులోంచి ఒక్కొక్కటే అందించడం మొదలుపెట్టాడు. ఆమె తీసుకొని మెట్ల కింద పెడుతున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే వెనక నినాదాలు ఆగిపోయాయి.

నినాదాలు వినిపిస్తున్నంతసేపూ భయం వేయలేదు. అవి ఆగిపోయినప్పుడు వేసింది.

"ఓ నర్సన్నా!" యాదమ్మ గొంతు. "గొడ్డళ్లు ఇంట్లకు ఇస్తున్నవేంది? ఎవ్వలి మీదికి?"

తిరిగి చూశాను. పొయ్యి దగ్గరున్నవాళ్లంతా లేచి గేటు మీదికి వస్తున్నారు. ముందర జెండా కర్రలతో పోరగాళ్లు. ఒకడి చేతిలో జెండా కర్రకు చుట్టుకుపోయింది, వట్టి కర్రలాగే ఉంది. అందరూ కొమ్మ కిందికి, చీలిక పడిన మొదలు వైపుకే వచ్చి నిలబడ్డారు. నేను వాళ్లను తప్పిద్దామని వచ్చి, గుంపునంతా అక్కడికే చేర్చాను.

"జరుగుండ్రి! మీద కొమ్మ ఉంది!" సాయిలు అరిచాడు.

"కొమ్మ సంగతి తర్వాత. గొడ్డళ్లెందుకు ఇచ్చినవో చెప్పు ఫస్ట్" అన్నాడు ఒక పోరడు నా చొక్కా పట్టుకొని.

మాస్టారు లోపలి నుంచి, "పోలీసులకు ఫోన్ చేస్తున్నాను!" అని కేక పెట్టారు. ఆ మాట నిప్పు మీద కిరోసిన్ పోసినట్టయింది. ఇద్దరు కుర్రాళ్లు గేటు పట్టుకొని ఊపారు.

యాదమ్మ వాళ్లను తోసుకొని ముందుకొచ్చింది. గేటు దాకా వచ్చి, ఎందుకో స్తంభం దగ్గర ఆగింది. ఆ ఎర్ర మరక వైపే చూస్తోంది.

"గిదేంది? గీ గుర్తు మీ ఇంటికెందుకుంది?"

"మమ్మల్నా అడిగేది?" అన్నారు విజయలక్ష్మి గారు. "మీవాళ్లే కదా పెట్టింది?"

"మావోళ్లా?" యాదమ్మ గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "మా రూము ముంగట కానుగ చెట్టు మీద గూడ గిదే ఉందమ్మా. ఉద్యమంల తిరుగుతున్ననని పోలీసోళ్లు గుర్తు పెట్టిన్రనుకున్న. రాత్రి నేను ఇంట్ల పండలే. మా చెల్లె ఇంటికి పోయిన."

గేటు ఊపుతున్న కుర్రాళ్లు చేతులు తీసేశారు.

"మీరు కూడానా యాదమ్మా?" అన్నారు విజయలక్ష్మి గారు.

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

నేను చేతులు జోడించాను. "రెండూ నేనే పెట్టిన. కొమ్మలు కొట్టనీకే."

ఆ తర్వాత పడిన తిట్లు కొన్ని రాయొచ్చు, కొన్ని రాయకూడదు. "నీ రంగు డబ్బల మన్ను బొయ్య!" అని యాదమ్మ. "ఇంగితం ఉందా అయ్యా నీకు? గేటు మీదా గుర్తు పెట్టేది?" అని మాస్టారు. ఆయన ఒక మాట అంటే ఆమె దానికి ఇంకోటి జోడిస్తోంది. ఆమె ఆగితే ఆయన అందుకుంటున్నారు. నా చొక్కా పట్టుకున్నవాడు కూడా వదిలేసి, "గింత తెలివి తక్కువోడివి సూపర్‌వైజర్ ఎట్లయినవే?" అన్నాడు. అన్ని దిక్కుల నుంచీ తిట్లు పడుతుంటే నాకు ఊపిరి తిరిగింది. నమ్మనివాణ్ని ఎవరూ అంత మనస్ఫూర్తిగా తిట్టరు.

"ఇప్పుడన్న జరుగుండ్రి" అన్నాను.

యాదమ్మ తలెత్తి మొదటిసారి కొమ్మ వైపు చూసింది. కేబుల్ ఎంత వంగిందో చూసింది. "ఏయ్, డేగ్చా పట్టుండ్రి! పిల్లల్ని తీయిండ్రి ముందు!" అని కేకేసింది. మాస్టారు గేటు తాళం తీశారు.

కొమ్మ పడింది

మా గొడ్డళ్లు చుట్టిన గోనె సంచులే తడిపి, ఆడవాళ్లు ఉడుకుతున్న డేగ్చాను రెండు పక్కలా పట్టుకొని లేపారు. పిల్లలు పోయారు, కూరగాయల బుట్టలు పోయాయి. సాయిలు మోకు భుజాన వేసుకొని మాను మీదికి సగం పాకాడు. నేను చివరగా మండే కట్టెల్ని కాలితో తన్ని రోడ్డు మధ్యకు నెట్టాను, వెనక్కి రెండడుగులు వేశాను.

అప్పుడు ఆకాశం చిరిగినట్టు చప్పుడైంది. కొమ్మ మొత్తం, పూలతో సహా, సరిగ్గా ఆ మూడు రాళ్ల మీద పడింది. రాళ్లు పగిలి పిండి అయ్యాయి. కేబుల్ తెగి పాములా లేచింది. రోడ్డంతా ఎర్ర పూలు. తర్వాత చప్పట్లు. యాదమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టి దిష్టి తీసింది. మాస్టారు నన్ను కావిలించుకున్నారు. అప్పుడే వచ్చిన ఎస్సై జీపు దిగి సెల్యూట్ కొట్టాడు. అది నాకో, చెట్టుకో ఇప్పటికీ తేలలేదు.

ఇన్నేళ్లూ కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి ఇట్లాగే చెప్పాను. చెప్పినప్పుడల్లా కొమ్మ కాస్త లావయ్యేది.

ఇక ఒట్టు సంగతి

కొమ్మ పడలేదు.

గుర్తు నిజం, గేటు నిజం, గొడ్డళ్లు కమ్మీల సందులోంచి లోపలికి పోవడం నిజం, తిట్లన్నీ నిజం. మాస్టారు తాళం తీసిందాకా ఉన్నదున్నట్టు రాశాను. ఆ తర్వాతదే నేను కల్పించింది.

నిజంగా జరిగింది ఇది. సాయిలు పైకెక్కి మోకు వేశాడు. మాను మొదట్లో చుట్లు తిప్పి నేనూ మిగతా ఇద్దరూ పట్టుకున్నాం. ముందు చిన్న రెమ్మలు తీసి బరువు తగ్గించాం. తర్వాత కొసల నుంచి మొదలుపెట్టి ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ పసిపిల్లను దింపినట్టు రోడ్డు మీదికి దింపాం. ఏదీ పగల్లేదు. కేబుల్ కూడా తెగలేదు. ఎస్సై రాలేదు. ఆ మూడు రాళ్లూ మసితో అక్కడే ఉన్నాయి. నా చొక్కా పట్టుకున్న పోరడు వచ్చి, "ఏడ పడ్డదన్నా నీ కొమ్మ?" అని అడిగాడు. చుట్టూ నవ్వులు.

కోసిన మొదలు దగ్గరికి వెళ్లి చూశాను. సగం నల్లగా కుళ్లింది. సగం తెల్లగా, గట్టిగా ఉంది. ఆ మధ్యాహ్నమే పడేదా, ఇంకో రెండు వానకాలాలు నిలిచేదా, నాకు తెలియదు. ఇంత అనుభవం ఉన్నా తెలియదు. అదే నన్ను తొలిచేసింది. పడి ఉంటే నన్ను నమ్మినందుకు వాళ్లకూ ఒక సాక్ష్యం దొరికేది. అందుకే మొదట ఆఫీసులో పడేశాను, తర్వాత టీ కొట్టు దగ్గర పడేశాను, చివరికి కాగితం మీద కూడా పడేశాను. మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. ఏదీ పడకపోవడమే మీ పని. సాయంత్రం ఇంటికి పోయి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. గుర్తు పెట్టేముందు తలుపు కొట్టి, ఎందుకో చెప్పండి. వాదిస్తే వాదించుకోండి. రంగు డబ్బా ఆఫీసులోనే వదిలేసి పోండి.

ఇంకొకటి జరిగింది. అది ఎవరికీ చెప్పలేదు, చెప్పేంత పెద్ద సంగతి కాదని.

కొమ్మతోపాటు నీడ కూడా పోయింది. యాదమ్మ ఎండలోకి కళ్లు చికిలించి, "నీడ మొత్తం కోసినవ్ గద నర్సన్నా, ఇప్పుడు మా పొయ్యి ఎక్కడ పెట్టాలె?" అంది. డేగ్చా మళ్లీ ఆ రాళ్ల మీదికే వచ్చింది. ఎవరో పాత షామియానా గుడ్డ తెచ్చారు, కట్టడానికి గుంజలు లేవు. ఒక కొస సాయిలు పట్టుకున్నాడు. ఒకటి నా చొక్కా పట్టుకున్న పోరడు పట్టుకున్నాడు. మూడోది నేను, ఎడమ చేత్తో. నాలుగో కొస పట్టుకునే చెయ్యి లేకపోయింది. యాదమ్మ దాన్ని తీసుకెళ్లి, ఎవరినీ అడగకుండా, మాస్టారి గేటు కమ్మీకి కట్టేసింది.

రామ్మోహన్ రావు గారు వరండాలోనే నిలబడి ఉన్నారు. గేటుకు మళ్లీ తాళం వేసి ఉంది. ఆయన ఆ ముడి వైపు చూశారు. అన్నం ఉడికి, అందరూ తిని, రాళ్ల మీద నీళ్లు చల్లేదాకా చూస్తూనే ఉన్నారు. విప్పమనలేదు.